అక్క ఆ సీరియల్ ముగింపు చూడలేదు

మా అక్క మళ్ళీ కాపురానికి వెళ్ళకపోవడానికి ఒక టీవీ సీరియల్ కారణమని మా బంధువుల్లో ఒక మాట స్థిరపడిపోయింది. కాకుమానులో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు, భోజనాల దగ్గర పక్క కుర్చీలో కూర్చున్న పెద్దాయన నన్నే అడిగాడు. "సీరియల్లో ఆ పిల్ల మొగుడి దగ్గరికి వెళ్ళలేదని మీ అక్క కూడా వెళ్ళనందంటగా?" నేను పప్పులో నెయ్యి కలుపుకుంటూ తల ఊపాను. అలా తల ఊపడం తప్పు. అంతకు ముందు ఇంకో తప్పు చేశాను, అది దీనికంటే పెద్దది. రెండూ చెప్పేస్తే తప్ప అక్క సంగతి అక్క సంగతిగా మిగలదని ఇది రాస్తున్నాను.

నాకు తెనాలిలో టీవీలు, మిక్సీలు, ఫ్యాన్లు అమ్మే చిన్న షాపు ఉంది. అమ్మ నా దగ్గరే ఉంటుంది. అమ్మ చెల్లెలు, అంటే మా పిన్ని, రేపల్లెలో ఉంటుంది. అక్కది బాపట్ల. బావ ఇంకొకావిడతో విజయవాడ వెళ్ళిపోయిన తర్వాత అక్క నగరం మండలంలోని అత్తగారి ఊరు వదిలిపెట్టి వచ్చేసి, బాపట్లలో ఒక వాటా అద్దెకు తీసుకుని, ముందు గదిలో కర్రీ పాయింట్ పెట్టింది. సాయంత్రం అయ్యేసరికి కాలేజీ పిల్లలు, ఉద్యోగాల నుంచి ఇళ్ళకు పోయేవాళ్ళు వచ్చి పప్పుచారు, దొండకాయ వేపుడు, గోంగూర పచ్చడి కవర్లలో కట్టించుకుని పోతారు. గోడకు ఒక టీవీ ఉంటుంది. మా షాపులో అమ్ముడుపోకుండా మిగిలిపోయినది నేనే తీసుకెళ్ళి బిగించాను.

ముగ్గురు ఆడవాళ్ళూ మూడు ఊళ్ళలో కూర్చుని ఒకే సీరియల్ చూసేవారు. అయిపోగానే ఫోను. ముగ్గురినీ ఒకే కాల్లో కలపడం అమ్మకు రాదు కాబట్టి ఆ పని నాది. పిన్నిని కలిపి, అక్కను కలిపి, స్పీకర్ పెట్టి, అన్నం తింటూ వినేవాణ్ణి. మొదట్లో విసుగ్గా ఉండేది. తర్వాత తర్వాత సీరియల్ కంటే వీళ్ళ మాటలే బాగున్నాయనిపించింది.

కథ పెద్దదేం కాదు. పెళ్ళాన్ని వదిలేసి పోయిన మొగుడు కొన్నేళ్ళకు తిరిగొస్తాడు. యాక్సిడెంట్‌లో గతం మర్చిపోయానంటాడు. ఆ అమ్మాయి అతనితో వెళ్తుందా, వెళ్ళదా? ఈ ప్రశ్న మీద దాదాపు ఏడాది నడిపారు. హీరోయిన్‌ను మా వాళ్ళు పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు. "మన పిల్ల" అనేవాళ్ళు.

"వాడికి మతిమరుపు లేదు, పాడూ లేదు. నటిస్తున్నాడే అక్కా!" అనేది పిన్ని. "మతిమరుపు ఉన్నోడికి కాఫీలో పంచదార వేసుకోనన్న సంగతి ఎట్లా గుర్తుంది?"

"షుగరున్నోళ్ళకి నాలుకే చెప్పుద్ది, జ్ఞాపకం ఎందుకూ?" అనేది అమ్మ. "వాడు మారాడే. మొహంలో కళ చూడు. మన పిల్ల వెళ్ళిద్ది. వెళ్ళకపోతే అది కథెట్లా అవుద్ది?"

అక్క ఎటూ చెప్పేది కాదు. ఎప్పుడూ ప్రశ్నలే అడిగేది. అతను వెళ్ళిపోయినన్నాళ్ళూ అత్తగారు ఈ అమ్మాయికి ఒక్కసారైనా ఫోన్ చేసిందా? తిరిగొచ్చింది తనంతట తానా, ఎవరైనా పంపితేనా? అక్క షాపుకు వచ్చే కుర్రాళ్ళు కూడా కవరు అందుకుంటూ, "ఏంటి ఆంటీ, ఇవాళన్నా తేలిందా?" అని అడిగి పోయేవారట.

చివరి నెలలో ఒక ప్రోమో వచ్చింది. ఆ అమ్మాయి పాదం ఒక గడప దాటుతుంది. అంతే. మొహం చూపించలేదు. ఎవరి గడప? పుట్టింటిదా, అత్తింటిదా? పిన్ని దాన్ని ఫోన్లో ఆపి, పెద్దది చేసి చూసింది. గడపకు పసుపు నిన్నటిదని, అత్తగారింట్లో పనిమనిషి రోజూ కొత్తది రాస్తుంది కాబట్టి ఇది ఆ ఇల్లు కాదని తేల్చింది. మెట్టెలు ఉన్నాయా లేవా అన్న దాని మీద మాత్రం ఆ పూటంతా వాదన నడిచింది. తెనాలి షాపులో పెద్ద టీవీలో పెట్టి చూడమని నన్ను పురమాయించారు. నేను పెట్టాను కూడా. వేలి మీద ఏదో మెరిసింది. మెట్టెనో, లైటో చెప్పలేకపోయాను.

ఆ రోజుల్లోనే పిన్ని ఒక పని చేసింది. మన పిల్లకు మంచి జరగాలని వాళ్ళ వీధి గుళ్ళో ఆ పాత్ర పేరు మీద అర్చన చేయించింది. పూజారిగారు గోత్రం అడిగారు. పిన్ని ఆ సంగతి ఆలోచించుకోకుండానే వెళ్ళింది.

"ఏం చెప్పావే?" అని అమ్మ కంగారుపడింది.

"ఏం చెప్తాను? మన పుట్టింటి గోత్రమే చెప్పేశా."

"పెళ్ళైన పిల్లకి పుట్టింటి గోత్రమేంటే, బుద్ధుందా!"

"మరి వదిలేసి పోయినోడి గోత్రం చెప్పమంటావా? అయినా వాడి గోత్రమేంటో ఆ కథ రాసినోడికన్నా తెలుసా?"

అమ్మ నవ్వాపుకోలేకపోయింది. నేనూ నవ్వాను. ఫోన్లో అక్క అడిగింది. "పూజారిగారు ఏమన్నారు పిన్నీ?"

"ఏమంటారమ్మాయ్? చదివేశారు, ప్రసాదం పెట్టారు."

"పెళ్ళైన పిల్ల అనే చెప్పావా?"

"చెప్పాగా. కళ్ళు మూసుకుని చదివేశారు."

అది సీరియల్ గురించి అడిగిన ప్రశ్న అనుకున్నాం ముగ్గురం. అక్క గుడికి వెళ్తే దణ్ణం పెట్టుకుని వచ్చేస్తుందే తప్ప అర్చన చేయించదని నాకు తెలుసు. ఎందుకు చేయించదో నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఇలా ఉండగా నగరం నుంచి, అక్క అత్తగారి వాళ్ళ దగ్గర్నుంచి, నాకు కబురొచ్చింది. బావ విజయవాడ నుంచి వచ్చేశాడు. ఆవిడతో తెగిపోయింది. అత్తగారు మంచాన పడింది. అక్కను పంపమన్నారు. కబురు అక్కకు కాకుండా నాకు రావడమే విచిత్రం. కానీ నాకది విచిత్రంగా అనిపించలేదు, గౌరవంగా అనిపించింది. అక్కకు చెప్పాను. "చూద్దాంరా" అంది. చూద్దాం అంటే వెళ్ళనని చెప్పినట్టు కాదు కదా అనుకున్నాను.

అక్క వెళ్ళిపోతే బాగుండునని నాకెందుకు అనిపించిందో కూడా రాయాలి. ఆమె సుఖం కోసం కాదు. ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ గృహప్రవేశానికి వెళ్ళినా "మీ బావ ఎక్కడున్నాడు?" అని నన్ను అడుగుతారు. జవాబు చెప్పీ చెప్పీ అలసిపోయాను. అంతే.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. మా షాపుకు రిమోట్ కోసం వచ్చిన ఒకాయన తన తమ్ముడు హైదరాబాదులో టీవీ షూటింగుల్లో లైట్లు పెడతాడని చెప్పాడు. ఆ తమ్ముడు పనిచేసేది వేరే చానెల్లో, డాన్సు పోటీలకు. ఆ సంగతి దాచేసి, ఆ సాయంత్రం ముగ్గురూ ఫోన్లో ఉండగా మధ్యలో దూరాను.

"మీరెందుకు కొట్టుకుంటారు? షూటింగులో లైట్లు పెట్టేవాడు చెప్పాడు, ముగింపు తెలిసిపోయింది. షూటింగు కూడా అయిపోయిందంట. వెళ్ళిద్ది. మొగుడితోనే వెళ్ళిద్ది."

"నే చెప్పలా!" అంది అమ్మ.

"లైట్లు పట్టుకునేవాడికి కథేం తెలుస్తుందిరా?" అంది పిన్ని.

"లైటు లేందే సీను తియ్యరుగా పిన్నీ. ఎదురుగా నిలబడి చూసినోడే చెప్పాడు."

అక్క "అవునా" అంది. ఇంకేమీ అడగలేదు. ప్రతిదానికీ పది ప్రశ్నలు వేసే మనిషి ఒక్కటీ అడగలేదు. నా మాట పనిచేసిందని నేను సంతోషించాను. మర్నాటి నుంచి అక్క కాల్లోకి రావడం మానేసింది. తెలిసిపోయాక చూసేదేముందని ఆ టైముకు షాపులో క్రికెట్ పెట్టేసిందని పిన్ని చెప్పింది.

సీరియల్ ఇంకో వారం ఉందనగా, ఒక ఆదివారం బావగారి అన్నయ్యను నా కార్లో బాపట్ల తీసుకెళ్ళాను. అక్క ఆయనకు వడ్డించి, తిన్న తర్వాత ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"ఏంటమ్మా నీ నిర్ణయం?" అన్నాడాయన.

"అత్తయ్యకి బాగోలేదంటే వచ్చి చూసిపోతానండి బావగారూ. కావాలంటే రెండు రోజులుంటాను. కాపురానికి మాత్రం రాను."

"కోపమా?"

"లేదండి. కోపం ఎప్పుడో పోయింది."

"అందరూ సర్దుకుపోవట్లేదా తల్లీ? ఊళ్ళో చూడు, టీవీలో చూడు..."

"టీవీలో ఆ పిల్ల వెళ్తుందంటండి. మా తమ్ముడు చెప్పాడు." అక్క నా వైపు చూడను కూడా చూడలేదు. "వెళ్తే వెళ్ళనియ్యండి, దాని ఇష్టం. నేను రాను."

ఆ మాట నేను చెవులారా విన్నాను. ఆమెకు తెలిసినంతలో కథ ముగింపు నా వైపే ఉంది, అమ్మ వైపు ఉంది, నగరం వైపు ఉంది. దానికి ఎదురుగా కూర్చుని కాదంది.

బావ అన్నయ్య పరువు కోసమేమో, ఇంటికి వెళ్ళి "ఆలోచించుకుంటానంది" అని చెప్పాడట. తర్వాతి శనివారం సీరియల్ అయిపోయింది. ఆ అమ్మాయి వెళ్ళలేదు. అత్తింటి గడపకు లోపలి పక్కనే నిలబడి నాలుగు మాటలు చెప్పి వెనక్కి తిరిగింది. ప్రోమోలో పాదం లోపలికి పోయేది కాదు, బయటికొచ్చేది. పిన్ని ఫోన్లో పండగ చేసుకుంది, నా లైట్లవాణ్ణి నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టింది. ఆ రెండు మూడు రోజుల్లోనే బావ స్వయంగా అక్కకు ఫోన్ చేశాడు, అక్క అదే జవాబు చెప్పింది. నగరంలో వాళ్ళకు అసలు జవాబు తెలిసింది అప్పుడే. దాంతో సీరియల్ చూసి చెడిపోయిందన్నారు. ఆ మాట కాకుమాను దాకా వచ్చింది. నేను తల ఊపాను.

ఊపిన తల బరువెక్కి, కొన్నాళ్ళకు బాపట్ల వెళ్ళాను. అక్క మధ్యాహ్నం వంటలకు వంకాయలు తరుగుతోంది. అబద్ధం సంగతీ, పెళ్ళి భోజనాల సంగతీ రెండూ చెప్పాను.

"లైట్లవాడు పొరపాటు పడ్డాడేమో అనుకున్నాను," అంది. కత్తిపీట ఆపింది. "అయితే నన్ను పంపించెయ్యటానికన్నావా?"

"అవును."

అక్క ముక్కలు ఉప్పునీళ్ళలో వేసింది. తర్వాత, "ఎక్కడ తల ఊపావో అక్కడే చెప్పు. అక్క వెళ్ళనంది, అందుకని వెళ్ళలేదు అని చెప్పు. సీరియల్ అని అనకు," అంది. ఇంకా కోపం తగ్గలేదు. "మూడేళ్ళు చూశాన్రా. ఆ చివరి వారం లేకుండా చేశావు."

ఫోన్లో ఉంటుంది, పెట్టి చూపిస్తానన్నాను.

"వద్దు. అబద్ధం చెప్పిన నోటితోనే చెప్పు. ఏం చీర కట్టుకుంది?"

నాకు తెలిసినంత చెప్పాను. ఆకుపచ్చ నేత చీర. అత్తగారు ఏడ్చిందా అంది. ఏడ్చిందన్నాను. అతను ఆపాడా అంది. పేరు పెట్టి పిలిచాడు, అడుగు మాత్రం ముందుకు వెయ్యలేదన్నాను. "ఊ," అని, "తర్వాత ఎక్కడికి వెళ్ళింది?" అంది.

"చూపించలేదు. రోడ్డు మీద నడుస్తుంటే శుభం వేశారు."

"అదేంటి! ఒంటరిదానికి ఇల్లు అద్దెకెవరిచ్చారో చూపించొద్దూ? నేను ఎన్ని ఇళ్ళు తిరిగానో నీకు తెలుసా?"

నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు. ఆ మాటే అన్నాను. అక్క పొయ్యి మీద మూకుడు పెట్టింది.

"వంటలు చేసి బతికుంటుందేమో, నీలాగా," అన్నాను.

"దానికి వంటెక్కడొచ్చు? మూడేళ్ళలో ఒక్కసారన్నా పోపు పెట్టగా చూశావా? ఎప్పుడూ మెట్లు దిగటమేగా." నూనె కాగేదాకా ఆలోచించింది. "కుట్టుపని వచ్చు. మొదట్లో ఆడపడుచు జాకెట్టు సరిచేసిచ్చింది, అప్పుడు నువ్వు చూసేవాడివి కాదు. మరి మిషనెక్కడిదో?"

వాకిట్లో ఎవరో కుర్రాడు వచ్చి, "ఆంటీ, కూర అయిందా?" అన్నాడు. "ఇంకో పావుగంట నాయనా," అని ముక్కలు నూనెలో జారవిడిచి, గరిటె పట్టుకుని నా వైపు తిరిగింది.

"వాళ్ళింట్లో వంటావిడ లేదూ, మిషను ఆవిడ ఇప్పించుంటుంది," అంది.