చెయ్యి పెట్టిన బటన్

2023 వేసవి. నంద్యాలలో వెబ్‌సైట్లు, యాప్‌లు తయారుచేసే పనిలో అప్పటికే కొన్నేళ్లుగా ఉన్నాను. మా నాయనది చీరల అంగడి. గల్లాపెట్టె పక్కన పెరిగిన నేను కొత్తిమీర కొన్నా కరివేపాకు కొసరు లేకుండా ఇంటికి రాను. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే బ్రహ్మయ్య ఆచారి యాప్ కావాలని అడిగినప్పుడు కూడా ఊరుకోలేదు.

"పనితోపాటు నాకొక చిన్న వినాయకుణ్ణి చెక్కియ్యాల అన్నా" అన్నాను.

"నీది నోరా, ఉలా?" అని నవ్వి ఒప్పుకున్నాడు.

దూరపు ఊళ్లవాళ్లు ఫోన్‌లోనే విగ్రహం ఎంచుకోవాలన్నది ఆయన కోరిక. ఏ స్వామి, ఏ భంగిమ, ఎంత ఎత్తు అని ఒక్కోదానికి ఒక్కో బటన్ల వరుస. వరుసలో ఒక్కటి మాత్రమే నొక్కగలిగే ఇలాంటివాటిని మేం రేడియో బటన్లు అంటాం. ఎత్తు మార్చగానే, ఆ కొలత రాతిలో కుదిరే భంగిమలు మాత్రమే మిగిలేలా పక్క వరుస కళ్లముందే మారిపోతుంది. దీనికి మా పేరు డైనమిక్ అప్‌డేట్. అది పనిచేసిన రోజు నా భుజం నేనే తట్టుకున్నాను.

మొదటి ఆర్డరు చాగలమర్రిలో టిఫిన్ హోటల్ నడిపే రామలక్షుమ్మది. లారీ తోలే కొడుకు ప్రమాదం నుంచి బయటపడితే హోటల్ ముందు దాసాంజనేయుణ్ణి, అంటే చేతులు జోడించిన స్వామిని, నిలబెడతానని ఆమె మొక్కుకుంది.

ఆచారి ఇంట ఒక పద్ధతి ఉంది. ఎర్రటి జాజుతో రాతిమీద బొమ్మ గీస్తారు. పసుపు కుంకుమ పెడతారు. చేయించుకునేవాళ్లు వచ్చి రాతిమీద చెయ్యి పెడితేనే ఉలి ముట్టుకుంటారు.

"అన్నీ ఫోన్‌లోనే అయిపోతాంటే ఆమెను ఈడికి పిలిపించేదెందుకన్నా?" అని నేను సలహా కూడా ఇచ్చాను.

"రాయి ఫోన్ గాదప్పా" అన్నాడాయన.

మొదటి ఆర్డరు కదా చూద్దామని నేనూ వెళ్లాను. ఆమె పొద్దున్నే బస్సు దిగి వచ్చింది. రేకుల షెడ్డు కింద పడుకోబెట్టిన నల్లరాతిమీద, సరిగ్గా స్వామి ముఖం గీసినచోట అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. తెరిచి కిందికి చూసింది. ఎత్తిన కుడిచెయ్యి, ఎడమచేతిలో గద.

"ఏందన్నా ఇది? మా స్వామి చేతులు జోడించుకోని గదా ఉండాల? ఈయనేమో ఎవరిమీదికో కొట్లాటకు పోతాండాడు!"

"ఫోన్‌లో వీరాంజనేయుడనే వచ్చింది తల్లీ."

"దాసాంజనేయుణ్ణే నొక్కినా. ఆనక ఎత్తు రవ్వంత తగ్గించినా, అంతే."

నా ఫోన్ తీసి అలాగే నొక్కి చూశాను. ఆమె ఎత్తు తగ్గించగానే నా కోడ్ భంగిమల వరుసను కొత్తగా పేర్చింది. పేర్చేటప్పుడు ఆమె నొక్కినదాన్ని మరిచిపోయి, మొదటి బటన్ నొక్కినట్టు పెట్టేసింది. మొదట వీరాంజనేయుణ్ణి పెట్టింది నేనే. ఎక్కువ పోయే సరుకు ముందుండాలన్నది మా అంగడి బుద్ధి. ఆమె రాకముందే ఉలి పడి ఉంటే ఆ రాతిలో మొక్కు ఇక తీరేది కాదు.

రామలక్షుమ్మ బెదిరి చెయ్యి తీయబోయింది.

"తీయొద్దు తల్లీ, ఆడే ఉండనీ" అన్నాడు ఆచారి.

తడిగుడ్డతో గదను, ఎత్తిన చేతిని తుడిచేశాడు. ఆమె చేతి చుట్టూ మళ్లీ గీయడం మొదలుపెట్టాడు. భుజాలు దిగాయి. మోచేతులు వంగాయి. ఆమె మణికట్టు కింద రెండు అరచేతులు వచ్చి కలిశాయి. అరచేతి కింది ముఖాన్ని మాత్రం ఆయన ముట్టుకోలేదు. అదే రాయి, అదే ముఖం. యుద్ధానికి బయలుదేరినవాడు నా కళ్లముందే నిలిచి దండం పెట్టాడు. రెప్ప వేయడం మరిచిపోయాను.

ఆమె చెయ్యి తీసి చూసుకుంది. "ఇప్పుడొచ్చినాడు" అంది, కళ్లు తుడుచుకుంటూ.

నాకు మా అంగడి గుర్తొచ్చింది. ఎన్ని కొత్త చీరలు పరిచినా, కొనేవాళ్లు చెయ్యి పెట్టిన చీరను నాయన మడవడు. రోజూ చూస్తూ పెరిగి కూడా ఆ సంగతిని నా తెరమీదికి తెచ్చుకోలేకపోయాను.

అక్కడే రాతిపొడిలో కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. వరుస మార్చేముందు ఏ బటన్ నొక్కి ఉందో చూడాలి. కొత్త వరుసలో అది ఉంటే దానిమీదే నిలపాలి. లేకపోతే దేన్నీ నొక్కకుండా, మళ్లీ ఎంచుకోమని చెప్పాలి. రాసింది కొన్ని వాక్యాలే. ఫోన్ ఆమె చేతికిచ్చాను. ఎత్తు పెంచింది, తగ్గించింది. చుట్టూ బటన్లు వచ్చాయి, పోయాయి.

"కదల్లేదప్పా మా స్వామి!" అంది.

వెనక మొదటి ఉలిదెబ్బ వినబడింది.

అప్పటినుంచి తెరమీద ఏది మార్చాలన్నా, అవతలి మనిషి చెయ్యి ఎక్కడుందో ముందు చూసుకుంటున్నాను. నా వృత్తిలో నేను నేర్చుకున్న పెద్ద పాఠం అదే.

బయలుదేరుతుంటే ఆచారి పిలిచాడు. "నీ వినాయకునికి రాయి ఏరిపెట్టినా. చెయ్యి పెట్టి పో. ఎలుక గూడా కొసరు కావాల్నేమో?"

"వద్దన్నా" అన్నాను. జన్మలో కొసరు వద్దన్నది అదే మొదలు. ఎండకు రాయి వెచ్చగా ఉంది. చెయ్యి వెంటనే తీయబుద్ధి కాలేదు.