సింథటిక్కా, బ్లెండెడ్డా, తాతయ్య ఆముదమా?

యావన్మంది తిరువూరు ప్రజలకు తెలియజేయునది ఏమనగా... మా ట్రాలీ ఆటోకి ఇంజనాయిల్ మార్చు మహోత్సవము, సింథటిక్ పొయ్యాలా బ్లెండెడ్ పొయ్యాలా అన్నది తేలక వాయిదా పడినది. భక్తులు గమనించగలరు.

మా చిన్నప్పుడు ఈ గొడవే లేదు... నాన్నకి ఒక జీపు ఉండేది. తిరువూరు నుంచి ఎ.కొండూరుకి మనుషుల్ని ఎక్కించుకుని తిరిగేది. ఆయిలు ఒకటే రకం. బంకులో ఏదిస్తే అది. నాన్న పేరు అడిగేవాడు కాదు, జీపు వంక పెట్టేది కాదు.

ఆయిలు మార్చే రోజు మా వాకిట్లో పండగే. నాన్న జీపు కింద దూరి నట్టు విప్పేవాడు. నల్లటి పాత ఆయిలు ఇనప బొచ్చెలోకి జారుతుంటే, సీసాలు, డబ్బాలు పట్టుకుని జనం మా గుమ్మం నుంచి రోడ్డు దాకా బారులు తీరేవాళ్ళు... ఒకరికి ఎడ్లబండి ఇరుసుకి, ఒకరికి కిర్రుమనే తలుపుకి, ఒకరికి చెదలు పట్టిన పాక గుంజలకి.

పక్కింటి రత్తమ్మ పిన్నికి ఎంత పోసినా చాలేది కాదు.

"మళ్ళీ ఎప్పుడు మారుస్తారు బావగారూ? మా పాక నిట్రాడు సగం చెదలే తినేశాయండి."

"మీ నిట్రాడు నిలబెట్టడానికి నా జీపుని పడుకోబెట్టమంటావా ఏంటమ్మా?"

తాతయ్యకి మాత్రం డబ్బా ఆయిలంటే నమ్మకం లేదు. జన్మంతా బండి ఇరుసుకి ఆముదం పట్టించిన మనిషి. ఒకరోజు నాన్న లేనిది చూసి జీపు ఇంజన్లో గిద్దెడు ఆముదం పోసేశాడు. ఆ వాసనకి, జీపెక్కినవాళ్ళందరికీ కొండూరు చేరేలోపే కడుపులు శుభ్రపడ్డాయి... బ్లెండెడ్ ఆయిలు కనిపెట్టింది మా తాతయ్యే. రాసి పెట్టుకోండి.

ఇక నా సంగతి. మామిడికాయలు దిగే రోజులు వస్తున్నాయి. రెడ్డిగూడెం తోటల నుంచి నేను లోడు వేసేది ఈ ఆటోతోనే. ఏడాదంతా మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ లోడ్ల మీదే. కొత్త ఇంజను ఎక్కించే స్తోమత లేదు. ఆటో చూస్తే ఒకటే పొగ... వెనకొచ్చే బైకువాడికి నేను కనపడను, నాకు వాడు కనపడడు. వాడి తిట్లు మాత్రం స్పష్టంగా వినపడతాయి.

ఆయిలు కొట్టులో కుర్రాడు రెండు డబ్బాలు ముందు పెట్టాడు.

"సింథటిక్ తీసుకో బాబాయ్, ఎక్కువకాలం వస్తది."

"మరి బ్లెండెడ్ అంటే?"

"మామూలు ఆయిల్లో కొంచెం సింథటిక్ కలుపుతారు. రేటు తక్కువ."

"అంటే పాలల్లో నీళ్ళా?"

"నీళ్ళల్లో పాలు అనుకో బాబాయ్."

ఏదీ కొనకుండా మెకానిక్కు బాజీ దగ్గరికి పోయాను. ముందు పాత ఆయిలు దింపుదామని బాజీ కింద బొచ్చె పెట్టి నట్టు విప్పాడు. కాస్త కారింది... ఆగిపోయింది. బొచ్చె అడుగు కూడా సరిగ్గా మునగలేదు. మొన్న నేను నిండా పోసిందంతా పొగై పోయింది.

"సింథటిక్ పల్చగా ఉంటదన్నా, అరిగిన ఇంజన్లో నిలవదు. బ్లెండెడ్ పొయ్యి. ఈ సీజను ఎలాగోలా ఈడ్చుకొస్తది" అన్నాడు బాజీ.

ఆ కాస్త నల్ల ఆయిలూ ఎవరికైనా ఇద్దామని చూశాను. ఎడ్లబండ్లు లేవు. పాకలు పోయి రేకుల షెడ్లు వచ్చాయి. కొత్త ఆయిలు సవాలక్ష రకాలు దొరుకుతోంది... పాత ఆయిలు కావాలని సీసా పట్టుకొచ్చే మనిషే లేడు.

మీ ఇళ్ళల్లో ఆ ఆయిలు దేనికి వాడేవాళ్ళు? గుర్తున్నవాళ్ళు కింద రాయండి. చదవడానికి నాకిప్పుడు బోలెడు తీరిక.

ఇందులో నేను కల్పించినవి కూడా చెప్పేస్తాను. రోడ్డు దాకా బారులు లేవు, వచ్చేది రత్తమ్మ పిన్నీ, ఇంకో ఇద్దరు ముగ్గురూ. తాతయ్య ఆముదం పొయ్యలేదు, పోస్తానని నాన్నని బెదిరించేవాడు, అంతే. బాజీ నన్ను బ్లెండెడ్ పొయ్యమనలేదు. సీజను ఈడ్చుకొస్తదని అసలే అనలేదు. ఆ ముక్క నేనే రాసుకున్నాను.

బాజీ చేతులు గుడ్డకి తుడుచుకుని, "ఇంజను అయిపోయింది, ఏ ఆయిలూ కొనమాకన్నా" అన్నాడు.