మార్తక్క టిఫిన్ డబ్బా

ఉప్పల్ బస్టాపులో పక్కన కూర్చున్నావిడ టిఫిన్ డబ్బా మూత తీసింది. చింతకాయ పచ్చడి వాసన గుప్పుమంది. డబ్బా కోసం నా చెయ్యి దానంతట అదే ముందుకు సాగింది. పాపం, ఆకలి అనుకుని ఆవిడ ఒక ముద్ద పెట్టబోయింది. వద్దంటూనే నవ్వాపుకోలేకపోయాను. నా చేతికి ఈ పాడలవాటు నేర్పింది మార్తక్క.

నాచారంలో బిస్కెట్ల ఫ్యాక్టరీలో నేను ప్యాకింగ్ పనిలో చేరినప్పుడు ఆమె మా లైన్ లీడర్. త్వరలో రిటైరవబోతోంది. తనిఖీకి వచ్చేవాళ్లకు ఇంగ్లీషులో పని వివరించగలిగినవాళ్లకే ఆ స్థానం. అది నాకు కావాలి, చాలా కావాలి. కానీ ఇంటర్‌లో ఇంగ్లీషు తప్పినదాన్ని. సకర్మక క్రియ, అకర్మక క్రియ అని బళ్లో బట్టీపట్టాను గాని, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

ఒకరోజు అన్నం వేళ అక్కకు ఈ గోడు చెప్పుకున్నాను. ఆమె తన డబ్బా నా ముందుకు జరిపింది.

“‘ఐ ఓపెన్డ్’ అను.”

“ఐ ఓపెన్డ్.”

“దేన్ని? డబ్బా చేతిల వట్టుకో, అప్పుడు మాట పూర్తయితది. ఇగ ‘ఐ లాఫ్డ్’ అను.”

అన్నాను. మళ్లీ డబ్బా అందుకోబోతే చేతిమీద ఒక్కటేసింది. “నవ్వెతందుకు డబ్బా ఎందుకే? ఉత్త చేతులు సూపియ్యి!”

ఇక రోజూ అదే ఆట. బల్ల చుట్టూ ఆరుగురం. తప్పు చెప్పినవాళ్ల కూర మిగతావాళ్లకు. మొదటి వారమంతా నేను ఉత్త అన్నమే తిన్నాను.

లైన్ లీడర్ ఇంటర్వ్యూలో మేనేజరు, పొద్దున ఏం చేశావని ఇంగ్లీషులో అడిగాడు. “ఐ చెక్డ్...” అన్నాను. దేన్నో చెప్పకముందే మాట ఆగింది. చెయ్యి మాత్రం ఆగలేదు. బల్లమీదున్న ఆయన టిఫిన్ డబ్బాను గబుక్కున పట్టుకుంది. ఆయన బిత్తరపోయాడు. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. కానీ డబ్బా చేతిలో పడగానే మాట కూడా వచ్చేసింది. ప్యాకెట్లు చూశాను, అట్టపెట్టెలు సీల్ చేశాను అని గడగడా చెప్పేశాను. ఆయన పకపకా నవ్వి, “డబ్బా ఇచ్చెయ్యమ్మా, పోస్టు తీసుకో” అన్నాడు.

మార్తక్క ఆఖరి రోజున గేటు దగ్గర రెండు చేతులూ ఖాళీగా చూపించి, “ఐ యామ్ గోయింగ్” అంది. నాకు ఏడుపొచ్చింది. “ఉత్త చేతులతోని ఎట్ల పోతవక్కా?” అని నా డబ్బా ఆ చేతుల్లో పెట్టాను.

“తప్పు పిల్లా! పోవెతందుకు ఏం అక్కరలేదు” అని దిద్దుతూనే దాన్ని భుజానున్న సంచిలో వేసుకుని, తన డబ్బా తీసి నాకిచ్చింది.

దాని మూత కాస్త వంకర. రోజూ అందులోనే అన్నం తెచ్చుకుంటాను. కొత్తగా చేరిన పిల్లలు ఇంగ్లీషులో తడబడితే, ముందు దాన్ని వాళ్ల చేతిలో పెడతాను. మంచి కూరలు తెచ్చేవాళ్లతోనే ఆట మొదలుపెడతాను.