నల్లరాయి మీద చుక్క

"ఆకలి మీదుంది బిడ్డా, జర తినిపిద్దాం" అంటూ ఖాజా చాచా కరెంటు పెంచే నాబ్‌ని ఇంకాస్త తిప్పాడు.

బల్ల మీద నున్నటి నల్ల గ్రానైట్ ముక్క ఉంది. దాని మీద ఎర్రగా ఒక చుక్క, ఉందా లేదా అన్నట్టు మసకగా ఉంది. చాచా చెంప రాయికి ఆనేంత వంగి, ఆ చుక్క గుండ్రంగా ఉందా, చుట్టూ పొగలాగా ఏమైనా ఉందా అని చూస్తున్నాడు. కళ్లకు రక్షణగా పెట్టుకునే పచ్చ అద్దాలు నుదుటి మీదికి ఎక్కించుకున్నాడు. అవి పెట్టుకుంటే ఆ కాస్త ఎరుపు కూడా కనపడదు మరి.

అప్పటికి నేను శంషాబాద్‌లోని ఆ వర్క్‌షాపులో చేరి మూడో ఏడు నడుస్తోంది. పదో తరగతితో చదువు ఆపేశాను. కొత్వాల్‌గూడ నుంచి షేర్ ఆటోలో వచ్చేదాన్ని. ఊడ్చడానికి, ప్యాకింగ్‌కు అని పెట్టుకున్నారు గానీ, నా చేతులు ఊరికే ఉండవని చాచా కనిపెట్టి సోల్డరింగ్ నేర్పించాడు. నా నోరు కూడా ఊరికే ఉండదు, దానికి మాత్రం ఆయన దగ్గర మందు లేకపోయింది. తల మీదుగా విమానం పోతున్నప్పుడు తప్ప నేను మాట ఆపనని ఆయన అందరికీ చెప్పేవాడు.

మా పని ఏమిటో ముందు చెప్పాలి. గ్రానైట్, మార్బుల్ కోసే మిషన్లకు రంపం పైన చిన్న ఇత్తడి గొట్టం ఉంటుంది. అందులోంచి ఒక ఎర్ర గీత వచ్చి రాయి మీద పడుతుంది. రంపం ఎక్కడ దిగుతుందో ఆ గీతే చెబుతుంది. గొట్టం లోపల ఉండేది లేజర్ డయోడ్. శనగగింజంత ఉంటుంది, మూడు కాళ్లు. నీళ్లకు, దుమ్ముకు, అదురుకు అది పాడైపోతుంటుంది. దాన్ని మార్చి, ముందు ఉత్త చుక్కగా వెలిగించి చూసి, ఆ తర్వాత చుక్కను గీతగా సాగదీసే అద్దం బిగిస్తాం. ఆఖరున మిషన్ దగ్గరికి పోయి గీతను రంపానికి సరిగ్గా కలపాలి.

ఆ ఆఖరి పని చాచాది. ఆయన ఎడమ కన్ను చిన్నప్పుడే దెబ్బ తగిలి మసకబారింది. కుడి కంటితోనే గీత వెంబడి ఒక్క చూపు చూసి, "వెంట్రుకంత అటు జరుపు" అనేవాడు. కొలిచి చూస్తే నిజంగానే అంతే ఉండేది. చాచా సరే అనకుండా చుట్టుపక్కల ఏ యార్డులోనూ రంపం వేసేవాళ్లు కాదు.

కొత్త డయోడ్‌ని గోడ మీద కాకుండా పాలిష్ చేసిన నల్లరాయి మీద వెలిగించడం మా షాపు పద్ధతి. ఎరుపు అన్నిటికంటే తక్కువగా కనపడేది దాని మీదే, అక్కడ కనపడితే ఇంకెక్కడైనా కనపడుతుందని చాచా లెక్క. మసకగా వెలిగితే అది ఆకలి మీద ఉన్నట్టు. కొంచెం కొంచెం కరెంటు పెంచుతూ పోతే దారికొస్తుంది. ఎర్ర డయోడ్లతో ఏళ్ల తరబడి అలాగే చేశారు, ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ రోజు బల్ల మీదున్న డయోడ్ మాత్రం మేము ఎప్పుడూ కొనే కొట్లోది కాదు. అక్కడ దొరక్కపోతే ఆన్‌లైన్‌లో తెప్పించాం. ప్యాకెట్ మీద నంబరు మేము అడిగినదే. పైన లోహపు టోపీ సైజు అదే, కాళ్లు మూడూ అలాగే ఉన్నాయి. అనుమానించడానికి ఏమీ లేదు.

అంతలో యాదగిరన్న ఫోన్ చేశాడు. తుక్కుగూడ దగ్గర ఆయనకు గ్రానైట్ యార్డు ఉంది. మేము బాగుచేస్తున్న గొట్టం ఆయన మిషన్‌దే.

"ఏమాయె స్వరూపా? మా మిషన్ కుక్కలు పండుకునేతందుకు పెట్టినమనుకుంటున్నవా?"

"లైట్ మబ్బుగ వస్తుందన్నా. అబద్ధమనుకుంటే వీడియో పంపుత, నువ్వే చూడు" అన్నాను.

ఫోన్ ఎత్తి కెమెరా తెరిచాను. రాయి మీద ఉన్న మసక చుక్క తెరలో వెల్డింగ్ మంటలా తెల్లగా, అంచుల్లో ఊదాగా మండిపోతోంది. అలాంటిదే ఇంకొకటి చాచా ముఖం మీద ఉంది. సరిగ్గా కుడి కంటి మీద. ఫోన్ దించి చూస్తే ఆయన ముఖం మీద ఏమీ లేదు. మళ్లీ ఎత్తితే ఉంది.

వైరు పట్టుకుని లాగేశాను.

"ఏందే, గట్ల గుంజినవ్?" అన్నాడు, ఇంకా వంగే ఉండి.

తెరలో చూసింది చెప్పాను. ఆయన నమ్మలేదు, కాదనలేదు కూడా. నేను పక్క హోటల్‌కు పరుగెత్తి టీవీ రిమోట్ తెచ్చాను. రిమోట్ బటన్ నొక్కితే ముందున్న బల్బు వెలుగు కంటికి కనపడదు, ఫోన్‌లో మాత్రం కనపడుతుంది. చిన్నప్పుడు మా తమ్ముడూ నేనూ ఆడుకున్న ఆట అది. చూస్తే అదే తెలుపు, అదే ఊదా. అప్పుడు చాచా డయోడ్‌ని ఇనుప డబ్బాలోకి తిప్పి పెట్టాడు, లోపల నల్ల టేపు ముక్క అంటించాడు, మూత వేసి ఒక్క క్షణం వెలిగించి ఆర్పేశాడు. మూత తీస్తే కమురు వాసన వచ్చింది. టేపుకు సూది బెజ్జమంత చిల్లు పడింది. మేము వాడే ఎర్ర డయోడ్ ఎంత తినిపించినా టేపును కాల్చలేదు.

"ఇది ఎరుపు కాదు బిడ్డా. ఇన్‌ఫ్రారెడ్" అన్నాడు మెల్లగా. కంటికి అందని వెలుగు. దాని కొస మాత్రమే మసక ఎరుపుగా కనపడుతుంది. మిగతాదంతా కనపడకుండానే పడుతుంది. మేము ఆకలి అనుకుని తినిపించిందంతా ఆ కనపడనిదానికే పోయింది. నున్నటి నల్లరాయి దాన్ని అద్దంలా ఆయన కంట్లోకి కొట్టింది.

చాచా కన్ను నలుపుకున్నాడు. "నడిమిట్ల జర మచ్చ లెక్క ఉంది. పోతది లే, పరేషాన్ కాకు."

నేను వినలేదు. ఆటో ఎక్కించి కంటి దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టరమ్మ గడులు గీసిన కార్డు చూపించి, గీతలు ఎలా కనిపిస్తున్నాయని అడిగింది. చాచా చాలాసేపు చూశాడు.

"నడిమిట్ల వంగినయమ్మా. ఈ కార్డు ఎవరో వంకరగ ఛాపిండ్రు" అని నవ్వాడు.

డాక్టరమ్మ నవ్వలేదు. మచ్చ కొంత తగ్గవచ్చు, పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేనని, ఎందుకలా అయిందో నిదానంగా వివరించింది. నేను కార్డు వైపే చూస్తున్నాను. నాకు గీతలన్నీ తిన్నగానే ఉన్నాయి. యాదగిరన్న ఫోన్ కాస్త ముందు వచ్చి ఉంటే అని అప్పుడు అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటాను.

చిల్లు పడ్డ టేపును వీడియో తీసి పంపితే అమ్మినవాళ్లు పొరపాటు ఒప్పుకుని సరైన డయోడ్ పంపారు. మచ్చ కొంత తగ్గింది, వంకర తగ్గలేదు. కొన్నాళ్లకు చాచా షాపు మూసేసి బుద్వేల్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. నేనిప్పుడు ఫోన్ స్క్రీన్లు మారుస్తున్నాను. లేజర్ పని చేసేవాళ్ల కోసం నేర్చుకున్నది చెబుతాను. ఎర్ర డయోడ్ మసకగా వెలిగితే అది బలహీనమని కాదు, అసలు ఎరుపే కాదేమోనని ముందు అనుకోవాలి. ప్యాకెట్ మీద ఏం రాసున్నా సరే, తక్కువ కరెంటులో, గరుకు ఇటుక మీద, ముందు ఫోన్‌తో చూడాలి. ఆకలి సంగతి ఆ తర్వాత.

ఆ కార్డు చూసిన మర్నాడు పొద్దున వచ్చినవాళ్లకు చూపించడానికి మా బల్ల మీద ఉంచుకున్న పాత గొట్టం విప్పి, యాదగిరన్న యార్డుకు పట్టుకెళ్లాను. వద్దన్నా చాచా వచ్చాడు. నేను గొట్టం బిగించి గీత వేశాను. ఆయన అలవాటుగా వంగి, ఎడమ కన్ను మూసి చూశాడు. తల అటు జరిపాడు, ఇటు జరిపాడు. యాదగిరన్న రంపం స్విచ్ దగ్గర నిలబడి ఆయన మాట కోసం చూస్తున్నాడు.

"బిడ్డా, సీదా ఉందా?" అన్నాడు చాచా.

ఆయన నన్ను అలా అడగడం అదే మొదటిసారి. ఉంది అంటే సరిపోయేదేమో. నేను మాత్రం పక్కన గోడ కడుతున్న మేస్త్రీ దగ్గర దారం అడిగి తెచ్చాను. రంపం బద్దకు ఆనించి ఈ కొస నుంచి ఆ కొసకు బిగించి కట్టాను. ఎర్ర గీత దారం పొడుగునా పడింది. "గీత దీని మీదనే పడ్డది చాచా" అంటూ ఆయన వేలు పట్టుకుని దారం మీద పెట్టాను. ఆయన కళ్లు రెండూ మూసుకుని, వేలితో దాన్ని చివరిదాకా తడుముకుంటూ పోయాడు.

"ఆఁ, సీదనే ఉంది. ఇగ రంపం పెట్టుకోరా యాదగిరి."

నేను దారం విప్పి, ఉండ చుట్టి, పానాలు పెట్టుకునే సంచిలో వేసుకున్నాను.