బతుకమ్మ పాటలో నా అరుపు

నా చిన్నప్పుడు నేను పాడేదాన్ని కాదు, అరిచేదాన్ని. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. ఇప్పుడు మా ప్రగతి నగర్ అపార్ట్‌మెంట్‌లో శనివారం రాగానే మైకు పట్టుకునే సాఫ్ట్‌వేర్ గాయకులను ఇదే మాట అంటే మాత్రం మూతి ముడుస్తారు. ఐసు వేసిన కూల్‌డ్రింకు గటగటా తాగి, ఖళ్లుఖళ్లుమని గొంతు సవరించుకుని, మెడ నరాలు ఉబ్బేలా ఒక్క కేక పెడతారు. మర్నాడు గొంతు పోతే అదేదో కళాసేవలో పోయినట్టు గొప్పగా తిరుగుతారు. వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అప్పట్లో మేము బోరబండలో ఉండేవాళ్లం. బతుకమ్మ తొమ్మిది రోజులూ మా గల్లీలో పాట ఎత్తుకునేది మా పెద్దమ్మ. ఆమె ఒక చరణం పాడితే మిగతావాళ్లం చప్పట్లు కొడుతూ దాన్నే తిరిగి పాడాలి. ఆ ఏడాది, చివరి రోజైన సద్దుల బతుకమ్మనాడు పాట నన్ను ఎత్తుకోమంది. పదకొండేళ్ల పిల్లకు అంతకన్నా ఏం కావాలి? పక్క గల్లీ వాళ్లు మైకు పెట్టారు. దాన్ని నా ఒక్క గొంతుతో ఓడించాలని మొదటి రోజు నుంచే అరవసాగాను. ఎనిమిదో రోజుకు గొంతు బొంగురుపోయింది. తెలివితక్కువదాన్ని, దాన్ని కూడా ఘనకార్యంలాగే అందరికీ చెప్పుకున్నాను.

పెద్దమ్మ తిట్టలేదు. "నేను గల్లీ ఆ కొసకు పోత. నువ్వు పాడు బిడ్డా, మాట సమజైతే చెయ్యి లేపుత" అంది. ఒంట్లో బలమంతా పెట్టి అరిచాను. చెయ్యి లేవలేదు. ఇంకా అరిచాను, కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా లేవలేదు. అప్పుడు ఆమె నిటారుగా నిలబడి, కడుపు నిండా ఊపిరి తీసుకుని, ఏమాత్రం అరవకుండా అదే చరణం పాడింది. అంత దూరం నుంచీ ఒక్కొక్క మాటా నాకు స్పష్టంగా వినిపించింది.

తిరిగొచ్చి, "రేపు నువ్వు పాడొద్దు. గుసగుసలు గూడ పెట్టకు, గొంతు ఇంక ఖరాబైతది. జర ఊకుండి చప్పట్లు కొట్టు" అంది. ఎంత ఏడ్చినా వినలేదు.

నా వంతు పక్కింటి పిల్లకిచ్చింది. దానిది దోమ గొంతని నేను వెక్కిరించేదాన్ని. మర్నాడు అది తాపీగా పాట ఎత్తుకుంది. అన్ని రోజులూ పాడకుండా బతుకమ్మ చుట్టూ ఊరికే తిరిగిన ముసలమ్మలు కూడా మాట అందుకుని పాడారు. వాళ్లకు పాట రాదనుకున్నాను. పెద్దమ్మ పాడే మాట వాళ్లకు నేను వినబడనిచ్చింది ఎక్కడ? ఎనిమిది రోజులూ ఆమె పాట మీద పడి అరిచింది నేనే. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇప్పటికీ పాట ఎత్తుకోగానే ఎదుటివాళ్ల పెదవులు చూస్తాను. అవి కదలకపోతే నేనే ఆగిపోతాను.