వైజాగ్ ఓడలో రావలసిన ఇమాం

నిన్న మా దీవిలోని అబర్డీన్ బజార్‌లో ఎవరో అత్తరు రాసుకుని నా పక్కనుంచి వెళ్లారు. నా చెయ్యి దానంతటదే మరో చెయ్యి కోసం వెతికింది.

నాకప్పుడు ఏడేళ్లు. సముద్రం మీద చేపల వేటకెళ్లిన మా అయ్య తిరిగి రాలేదు. పడవ దొరికింది, ఆయన దొరకలేదు. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంటే, మిన్నీ బేలో మా పక్కింటి ముసలావిడ, మేమంతా నానీ అని పిలిచే ఆమే, నాకు అన్నం పెట్టేది.

ఒకరోజు నమాజు అయ్యాక ఆమె అంది: "ఇమాం మెహదీ వస్తారు బేటీ. దునియా అంతా జులుంతో నిండిపోయినప్పుడు వచ్చి ఇన్సాఫ్ చేస్తారు, అందరికీ న్యాయం జరుగుతుంది. ఆయన నుదురు ఇంత వెడల్పు ఉంటుంది."

"మా అయ్యని తెత్తారా?"

నానీ నా తల నిమిరింది.

మా ఇల్లు అన్యాయంతో ఎప్పుడో నిండిపోయింది కాబట్టి ఆయన ఈ వారమే వస్తారనుకున్నాను. మా దీవులకి బియ్యమైనా, పెళ్లికొడుకైనా ఓడలోనే రావాలి. వైజాగ్ ఓడ వచ్చిన రోజు బడి ఎగ్గొట్టి జెట్టీకి పరిగెత్తాను. గేటు దగ్గర వెడల్పు నుదురున్న ఒకాయన చొక్కా పట్టుకుని "మా అయ్య ఏడి?" అని అరిచాను. ఆయన బెదిరిపోయి విడిపించుకున్నాడు.

వెతుక్కుంటూ వచ్చిన నానీ తిట్టలేదు. "వచ్చే ఓడకి నన్నూ పిలు" అంది.

ఆ ఏడాదంతా ప్రతి ఓడకీ వచ్చింది. ఇమాం ఓడలో రారని ఆమెకు తెలుసు. మా అయ్య ఏ ఓడలోనూ రాడనీ తెలుసు. అయినా ఆఖరి మనిషి గేటు దాటేదాకా, అత్తరు వాసన వేసే ఆ చెయ్యి నా చేతిని వదల్లేదు.