కదిరమ్మ దొంగల ముఠా

‘కోటలో మబ్బు’ పుస్తకం అట్టమీద కాటయ్య సారు పేరుంది. కథంతా కదిరమ్మది. ఆ సంగతి గురించి ఆమె ఊళ్లో ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. మామూలుగా ఆ నోరు మూతపడటమే అరుదు.

కదిరమ్మకు ఒకే జబ్బు. కంటపడినవాళ్లందరినీ దొంగల్ని చేసేది. పావగడ దగ్గరి అరసికెరెలో, రైతు పెద్దతిమ్మప్ప వసారాలో కూలికి విత్తనాల శెనక్కాయలు ఒలుస్తూ, కరువు కాలమంతా ఒకే కథ మూడేళ్లు సాగదీసింది. పూర్వం ఒక పాళెగాడు ఆకాశంలోని ఆఖరి మబ్బును పట్టి కొండమీది కోటలో గొలుసులేసి కట్టేశాడట. దాన్ని దోచుకురావడానికి ఒక ముఠా బయల్దేరింది.

నత్తి చిన్నన్న మంచినీళ్లకొస్తే చాలు, “రాప్పా. కాపలావోడు ఎవురని అడిగితే నువ్వే జవాబు చెప్పాల. నువ్వు పేరు ముగించేలోగా వాడు నిద్రపోతాడు” అనేది.

“నా...నాకేమిస్తావు?”

“మబ్బులో పావు భాగం.”

అప్పటికే పదకొండుమందికి పావు భాగాలు పంచేసింది.

ఒంటికన్ను నాగక్కకూ పని దొరికింది. “తాళం సందులో చూడాలంటే ఎవురైనా ఒక కన్ను మూయాల. నీకా పని తప్పింది లేమ్మే.”

పెద్దతిమ్మప్ప వింటూ ఊరుకునేవాడు. నవ్వే నోరు విత్తనాలు నమలదని ఆయన లెక్క.

కాటయ్య రోజూ బడి వదిలాక వచ్చి, గడపమీద కూర్చుని అంతా రాసుకునేవాడు. వేలిముద్ర మనిషి పేరేస్తే పుస్తకం ఎవరు చదువుతారనుకున్నాడు. మనమైనా అంతే అనుకునేవాళ్లం.

పుస్తకం అచ్చయ్యాక, తొంభై రెండులో పావగడలో కాటయ్యకు సన్మానం పెట్టారు. శాలువా కప్పగానే చిన్నన్న లేచాడు. “ఇ...ఇది మా క...కదిరమ్మ కథ.” సభంతా అతను ముగించేదాకా ఆగి విన్నది. కాటయ్యకు మెడ వంగిపోయింది.

కదిరమ్మ లేచింది. “సారు చెప్తేనే నేను నేర్చుకున్యానప్పా. కూర్చో.”

శాలువా చంకలో దాచుకుని కాటయ్య ఆమె వెనకాలే బస్టాండుదాకా నడిచాడు. ఊళ్లో ఇప్పుడెవరూ చిన్నన్నను నత్తోడా అనరని, కోటవాకిలి చిన్నన్న అంటారని, నాగక్కను తాళాల నాగక్క అంటారని అప్పుడు గుర్తొచ్చింది. మూడేళ్లు రాసుకున్నవాడికి ఆ ఒక్కటీ కనపడలేదు.

“ఎందుకు అబద్ధం చెప్పినావక్కా?” అన్నాడు. అక్కా అనడం అదే మొదలు.

“రేపు బడిలో పిల్లోళ్ల ముందర నువ్వు నిలబడాల గదా సారూ. అయినా మా ముఠాలో అందరూ ఉత్తుత్తి దొంగలే. నిజంగా దోచినోడు ఒకడన్నా ఉండాలని నిన్ను చేర్చుకున్యా.”

“నా పనేంది?”

“దోచింది తిరిగి తెచ్చిచ్చేది.” బస్సెక్కి కిటికీలోంచి తల బయటపెట్టింది. “నీక్కూడా పావు భాగం.”

కాటయ్య ఇంకా ఆ పనిమీదే ఉన్నాడు. అచ్చయినవి ఐదొందలు. ఇప్పటికి నూటా ఎనభై ఇళ్లకు తానే వెళ్లి, అట్టమీద తన పేరు కొట్టేసి ఆమె పేరు రాసొచ్చాడు. తక్కినవి యాడున్నాయో తెలీదు. మీ ఇంట్లోనో, మీ ఊరి గ్రంథాలయంలోనో ఆ పుస్తకం కనిపిస్తే దయచేసి పెన్ను తీయండి. కాటయ్య పేరు కొట్టేసి, కదిరమ్మ అని రాయండి. గట్టిగా కొట్టేయండి, అలా చెప్పమన్నది ఆయనే. మబ్బులో మీకూ పావు భాగం ఉంది.